జే మిల్లు, దాని మీద బతికిన అడవి

2020 ఏప్రిల్ 15, బుధవారం. అమెరికా ఈశాన్య కొసన, మెయిన్ రాష్ట్రంలోని జే అనే చిన్న ఊళ్లో మధ్యాహ్నం వేళ కాగితం మిల్లు డైజెస్టర్ పేలింది. చెక్క గుజ్జూ నీళ్లూ శిథిలాలూ కలిసి ఒక్కసారిగా ఆకాశానికి లేచి, మిల్లు ఆవరణంతా వానలా కురిశాయి. గోధుమరంగు మేఘమొకటి లేవడం, క్షణాల్లో దిగివచ్చి అంతటినీ కమ్మేయడం వీడియోల్లో లోకమంతా చూసింది. లోపల ఉన్నవాళ్లలో ఒక్కరి ప్రాణమూ పోలేదు. ఆ ఊరికి ఆ రోజు దక్కిన అదృష్టం అదొక్కటే.

డైజెస్టర్ అంటే చెక్కముక్కల్ని రసాయనాల్లో, ఆవిరి ఒత్తిడిలో ఉడికించే ఎత్తైన ఉక్కు పాత్ర. చెట్టు నారల్ని పట్టి ఉంచే జిగురు పదార్థం దాంట్లో కరిగిపోతుంది, నార మిగులుతుంది. ఆ నారే గుజ్జు, గుజ్జే కాగితం. జే మిల్లులో అలాంటివి రెండు ఉండేవి. ఒకటి తునాతునకలైంది, రెండోది బాగా దెబ్బతింది. కాగితం యంత్రాలు మాత్రం నిలిచాయి. అందుకే మిల్లు వెంటనే మూతపడలేదు. గుజ్జు బయట కొనుక్కుని కాగితం చేయడం మొదలుపెట్టింది. కొద్ది నెలలకు, డైజెస్టర్లను మళ్లీ కట్టేది లేదని యాజమాన్యం తేల్చేసింది.

ఈ కథలో అసలు విషాదం ఇక్కడుంది. అన్నం బయటినుంచి తెప్పించుకునే ఇంటికి కట్టెలు కొట్టేవాడితో పనేముంటుంది? మిల్లు గేటు దగ్గరికి రోజూ దుంగలు తెచ్చిన లారీల బతుకు ఆ మధ్యాహ్నమే ఆగిపోయింది. మిల్లు మరో మూడేళ్లు కొన ఊపిరితో నడిచింది. దాని మీద బతికిన అడవి పని మాత్రం ఒక్క పూటలో కూలింది.

*

జే ఊరు ఆండ్రోస్కాగిన్ నది ఒడ్డున ఉంటుంది. జనాభా నాలుగున్నర వేల పైచిలుకు. ఊళ్లో ఒక భాగాన్ని చిజమ్ అంటారు. ఆ పేరు హ్యూ చిజమ్‌ది. కుర్రతనంలో కెనడా రైళ్లలో పత్రికలమ్మి, పెద్దయ్యాక ఆ పత్రికలకు కాగితం చేసే మిల్లులు కట్టినవాడు. ఈ నది జోరు చూసి 19వ శతాబ్దం చివర్లో ఇక్కడ మిల్లు పెట్టాడు. 1898లో ఈశాన్య రాష్ట్రాల మిల్లులు కలిసి ఇంటర్నేషనల్ పేపర్ కంపెనీ ఏర్పడినప్పుడు దాన్ని నిలబెట్టినవాళ్లలో అతనొకడు. అదే కంపెనీ 1965లో జేలో ఆండ్రోస్కాగిన్ మిల్లును కొత్తగా తెరిచింది. తండ్రి చేసిన షిఫ్టులోనే కొడుకు చేరే ఊరైంది జే.

ఆ ఊరికి మొదటి గాయం 1987లో తగిలింది. ఆ ఏడు జూన్‌లో పన్నెండు వందల మందికి పైగా కార్మికులు సమ్మెకు దిగారు. కంపెనీ వాళ్ల స్థానాల్లో కొత్తవాళ్లను శాశ్వతంగా పెట్టుకుంది. పదహారు నెలలు పోరాడి 1988 అక్టోబర్‌లో యూనియన్ సమ్మె విరమించింది. చాలామందికి మళ్లీ ఆ గేటు లోపల అడుగు పెట్టే అవకాశం రాలేదు. సమ్మె చేసినవాడూ, వాడి పనిలో చేరినవాడూ ఒకే వీధిలో ఏళ్ల తరబడి మొహాలు తిప్పుకుని బతికారు.

తరవాత మిల్లు చేతులు మారింది. 2006లో ఇంటర్నేషనల్ పేపర్ తన నునుపు కాగితం వ్యాపారాన్ని అమ్మేసినప్పుడు వెర్సో అనే కొత్త కంపెనీ కిందికి వచ్చింది. పత్రికలు చదివేవాళ్లు, కేటలాగులు తిరగేసేవాళ్లు తగ్గుతున్న కాలమది. వెర్సో 2016లో దివాలా కోర్టు మెట్లెక్కి బయటపడింది. 2020 ఫిబ్రవరిలో మిల్లును పిక్సెల్ అనే కంపెనీకి అమ్మింది. కొత్త యజమాని వచ్చిన రెండు నెలలకే డైజెస్టర్ పేలింది.

*

మెయిన్‌లో నూటికి దాదాపు తొంభై వంతుల నేల అడవే. అందులో ఎక్కువ భాగం ప్రైవేటు భూమి. ఒకప్పుడు చలికాలంలో చెట్లు కొట్టి, మంచు కరిగాక దుంగల్ని నదిలో వదిలేవారు. నది వాటిని మిల్లు దాకా మోసుకొచ్చేది. కెన్నెబెక్ నదిలో 1976లో జరిగిన దుంగల తరలింపు చివరిది. ఆ తరవాత నది చేసిన పనంతా లారీల మీద పడింది. కలప కోతగాడి వెనక కలప మోతగాడు పుట్టాడు. తరచూ ఆ ఇద్దరూ ఒకే కుటుంబం. తండ్రి అడవిలో యంత్రం మీద ఉంటే కొడుకు లారీ తోలతాడు, కోడలు ఇంట్లో కూర్చుని మిల్లు ఇచ్చే తూకం చీటీలు లెక్కకట్టుకుంటుంది.

ఈ కోతగాడికి భూమి లేదు, చెట్టు తనది కాదు, మిల్లు తనది కాదు. తనవంటూ ఉన్నవి యంత్రాలూ, వాటి మీది అప్పూ. ఫెల్లర్ బంచర్ చెట్టును చేత్తో పట్టినట్టు పట్టుకుని మొదలు దగ్గర కోసి పక్కన పడుకోబెడుతుంది. స్కిడర్ దాన్ని బాట దాకా ఈడ్చుకొస్తుంది. డీలింబర్ కొమ్మలు దులిపేస్తుంది. లోడర్ ట్రెయిలర్‌కెక్కిస్తుంది. ఒక్కో పెద్ద యంత్రం కొత్తది కొనాలంటే లక్షల డాలర్లు. బ్యాంకు వాయిదా నెలనెలా వస్తుంది. రాబడి మాత్రం నెలనెలా రాదు. నేల గడ్డకట్టిన చలికాలంలో పని జోరుగా సాగుతుంది. మార్చి, ఏప్రిల్‌లో మంచు కరిగి బాటలు బురదవుతాయి. బరువు లారీలు తిరగకుండా రోడ్ల మీద ఆంక్షల బోర్డులు వెలుస్తాయి. ఆ బురద కాలమంతా చేతిలో ఉన్నది ఖర్చుపెట్టుకుంటూ వేసవి కోసం చూడాలి. డైజెస్టర్ పేలింది సరిగ్గా ఆ రోజుల్లోనే. చలికాలపు రాబడి తరిగిపోతున్న వేళ, వేసవిలో సరుకు ఎక్కడ దించాలో తెలియని పరిస్థితి వచ్చిపడింది.

నిండు లారీ మిల్లు కాటా ఎక్కి, సరుకు దించి, ఖాళీ లారీ మళ్లీ కాటా ఎక్కితే ఒక చీటీ చేతికొస్తుంది. ఏ చెట్టు, ఎన్ని టన్నులు, ఎవరి భూమిలోది, అంతా దాని మీద ఉంటుంది. కోతగాడి కూలి, లారీ కిరాయి, భూమి యజమాని వాటా అన్నీ ఆ చీటీలోంచే పుడతాయి. ఈ వ్యాపారానికి అదే పంట, అదే ధాన్యం రసీదు. మిల్లు "ఈ వారం ఇన్ని లోడ్లే తీసుకుంటాం" అంటే ఆ వారానికి బతుకు అంతే. సరుకు కొట్లో దాచుకుని ధర వచ్చాక అమ్ముకునే వీలు లేదు. కోసిన కలప వేసవిలో ఎక్కువ రోజులు ఆగదు, మరకలు పడుతుంది, పుచ్చుతుంది.

ఇంకో చిక్కు కూడా ఉంది. అడవిలో చెట్లన్నీ ఒక తీరున ఉండవు. నిటారుగా, లావుగా పెరిగినవి సామిల్లుకు పోయి పలకలవుతాయి. వంకరవి, సన్నవి, పుచ్చు పట్టినవి గుజ్జుకు పోతాయి. ఒకే కోతలో రెండూ వస్తాయి. నాసిరకం చెట్టును కొనే చోటు లేకపోతే దాన్ని కోసి తెచ్చే ఖర్చు రాదు. దాన్ని వదిలేసి మంచివి మాత్రమే కోసుకుంటూ పోతే కొన్నేళ్లకు అడవిలో పనికిరానివే మిగులుతాయి. సామిల్లులోనూ పలకలు కోయగా మిగిలిన ముక్కలు కాగితం మిల్లే కొనాలి. అలా ఒక గుజ్జు మిల్లు ఆగితే భూస్వామి, కోతగాడు, లారీవాడు, సామిల్లువాడు అందరూ ఒకే గొలుసులో కిందికి లాగబడతారు.

మెయిన్‌లో ఆ గొలుసు అప్పటికే చాలాచోట్ల తెగింది. మిలినాకెట్ మిల్లు 2008లో ఆగింది. ఈస్ట్ మిలినాకెట్, బక్స్‌పోర్ట్ 2014లో, ఓల్డ్ టౌన్ 2015లో, మాడిసన్ 2016లో మూతపడ్డాయి. ఒక్కొక్కటి మూతపడినప్పుడల్లా లారీలు ఇంకొంచెం దూరం వెళ్లాయి, డీజిల్ ఇంకొంచెం కాల్చాయి. "జే ఉందిగా" అనుకుని చాలామంది యంత్రాల మీద కొత్త అప్పులు చేశారు. ఆ నమ్మకం అవివేకం కాదు. మిగిలిన పెద్ద కొనుగోలుదారుల్లో జే ఒకటి.

*

డైజెస్టర్ పేలిన రెండు రోజులకు, 2020 ఏప్రిల్ 17న, వాషింగ్టన్‌లో వ్యవసాయ శాఖ కోవిడ్ సహాయ పథకం ప్రకటించింది. మొత్తం 19 బిలియన్ డాలర్లు. అందులో 16 బిలియన్లు నేరుగా రైతుల చేతికి. పాడి రైతు, పశువుల పెంపకందారు, కూరగాయల రైతు అందరూ ఆ జాబితాలో ఉన్నారు. ఉండవలసినవాళ్లే. కలప కోసేవాడు, మోసేవాడు మాత్రం లేరు.

ఎందుకు లేరు? చెట్టు కూడా నేలలో పెరిగేదే. అమెరికా అటవీ సర్వీసు ఉన్నది కూడా వ్యవసాయ శాఖలోనే. కానీ రైతు సాయం అనేది ఎన్నో దశాబ్దాలుగా పంట చుట్టూ, పొలం చుట్టూ అల్లుకున్న వ్యవస్థ. కౌంటీ ఆఫీసులో రైతు పేరుంటుంది, పొలం నంబరుంటుంది, ఏ ఏడు ఏం వేశాడో కాగితం ఉంటుంది. పరాయి నేల మీద పరాయి చెట్టు కోసి టన్ను లెక్కన కూలి తీసుకునేవాడికి ఆ దస్తావేజుల్లో చోటే లేదు. అతను రైతు కాడు, ఎందుకంటే పంట అతనిది కాదు. కార్మికుడూ కాడు, ఎందుకంటే నలుగురికి జీతమిచ్చే యజమాని. చిన్న వ్యాపారాలకు ఆ రోజుల్లో ఇచ్చిన జీతాల రుణం అతనికీ అందింది. అయితే ఆ రుణం మాఫీ కావాలంటే అందులో ఎక్కువ భాగం జీతాలకే పెట్టాలి. కలప వ్యాపారంలో మనిషి జీతంకంటే ఇనుము వాయిదాలు బరువు.

ఆ ఏడాది దేశమంతటా ఇదే గోడు. ఆఫీసులు, బడులు మూతపడ్డాయి. రాసుకునే కాగితం, అచ్చు కాగితం అడిగేవాళ్లు లేకుండాపోయారు. జూన్‌లో వెర్సో కంపెనీ విస్కాన్సిన్ రాపిడ్స్, డులూత్ మిల్లులను ఆపేస్తున్నామని ప్రకటించింది. విస్కాన్సిన్ రాపిడ్స్ మిల్లు ఒక్కదాంట్లోనే సుమారు 900 మంది పనిచేసేవారు. కలప రంగం చేయించిన అధ్యయనం ప్రకారం 2020 మొదటి ఏడు నెలల్లో మిల్లులు వాడిన కలప అంతకుముందు ఏడాదితో పోలిస్తే 2.14 కోట్ల టన్నులు తగ్గింది. కోతగాళ్లు మిల్లుకు చేర్చిన కలప విలువలో తరుగు 1.83 బిలియన్ డాలర్లు.

అమెరికన్ లాగర్స్ కౌన్సిల్, మెయిన్ కలప కాంట్రాక్టర్ల సంఘం చట్టసభ తలుపులు తట్టాయి. మెయిన్ సెనేటర్ సూజన్ కాలిన్స్, ప్రతినిధుల సభ సభ్యుడు జేర్డ్ గోల్డెన్ తదితరులు రెండు పార్టీల నుంచీ గొంతు కలిపారు. ఒకరిది రిపబ్లికన్ పార్టీ, ఇంకొకరిది డెమొక్రటిక్ పార్టీ. పార్టీ తేడా పక్కనపెట్టి ఈ విషయంలో కలిశారు. చివరకు 2020 డిసెంబర్ 27న సంతకమైన బృహత్తర వ్యయ చట్టంలో కలప కోసేవారికి, మోసేవారికి 20 కోట్ల డాలర్ల వరకు కేటాయించారు. అడవిలో పనిచేసేవాడి పేరు ఎట్టకేలకు ప్రభుత్వ కాగితం మీద పడింది.

కాగితం మీద పడిన పేరు ఖాతాలోకి డబ్బుగా రావడానికి ఇంకా కాలం పట్టింది. వ్యవసాయ శాఖ విధివిధానాలు ప్రకటించింది 2021 జూలై 20న. దరఖాస్తులు మొదలైంది 22న. అప్పటికి డైజెస్టర్ పేలి పదిహేను నెలలు దాటింది. గడువు అక్టోబర్ 15 దాకా ఇచ్చారు.

ఆ దరఖాస్తు లెక్క చూస్తే దాని మంచీ చెడూ రెండూ అర్థమవుతాయి. వ్యాపారం మొత్తం రాబడిలో సగమైనా కలప కోయడం, మోయడం, లేదా అడవిలోనే చెక్కను ముక్కలు చేయడం ద్వారా వచ్చి ఉండాలి. 2019 జనవరి 1 నుంచి డిసెంబర్ 1 దాకా వచ్చిన స్థూల రాబడి ఒక వైపు, 2020లో అవే తేదీల మధ్య వచ్చింది ఇంకో వైపు. తరుగుదల నూటికి పది అయినా ఉండాలి. ఆ తేడాలో 80 శాతం లెక్కకట్టి, గరిష్ఠంగా 1,25,000 డాలర్లు. ఒక కుటుంబం 2019లో పది లక్షల డాలర్ల పని చేసి, 2020లో ఏడు లక్షలే చేసిందనుకుందాం. తేడా మూడు లక్షలు. ఎనభై శాతం అంటే రెండు లక్షల నలభై వేలు. గరిష్ఠ పరిమితి ప్రకారం చేతికొచ్చేది మాత్రం అందులో సగం పైచిలుకు. అదీ వెంటనే కాదు. ముందుగా ఇచ్చేది రెండు వేల డాలర్లకు మించదు. మిగతాది దరఖాస్తులన్నీ చేరాక, ఉన్న నిధులు పంచాక.

రెండు వేల డాలర్లు ఒక పెద్ద యంత్రం నెల వాయిదాకు కూడా ఏ మూలకీ చాలవు. అయినా ఆ మొత్తాన్ని నేను తక్కువ చేయను. తరవాత వచ్చిన పెద్ద వాయిదాతో బ్యాంకుకు ముఖం చూపించగలిగినవాళ్లు, స్కిడర్‌ను జప్తు కానివ్వకుండా కాపాడుకున్నవాళ్లు ఎక్కడున్నా వాళ్లకు అది ఊపిరే. పొలం లేనివాడికీ విపత్తు ఉంటుందని రాజ్యం ఒప్పుకోవడం చిన్న సంగతి కాదు.

కానీ లెక్క చూసింది ఒక్క ఏడాదినే. 2019 బాగుండి 2020 చెడినవాడికే అది పనికొస్తుంది. మేరీలాండ్‌లోని లూక్ మిల్లు 2019 జూన్‌లోనే మూతపడింది. దానికి కలప వేసినవాళ్లు అప్పటికే సగం చితికిపోయారు. వాళ్ల 2019 రాబడే కుంగి ఉంది కాబట్టి, 2020లో ఇంకెంత కుంగితే నష్టం కింద లెక్క? ముందే పడిపోయినవాడు పడినట్టు ఆ కొలతకు కనిపించడు. జే కోతగాళ్ల కష్టం దీనికి తిరగేసినట్టుంది. వాళ్లకు పోయింది ఒక్క ఏడాది రాబడి కాదు. సరుకు దించే చోటే పోయింది. 2021లోనూ ఆ గేటు దగ్గర వాళ్ల కలప కొనేవాడు లేడు. 2022లోనూ లేడు. ఆ సంవత్సరాలకు దరఖాస్తు ఫారం లేదు.

పైగా ఆ రోజుల్లోనే పలకల ధరలు ఆకాశాన్నంటాయి. జనం ఇళ్లు కట్టుకోవడం, మరమ్మతులు చేయించుకోవడం మొదలుపెట్టారు. 2021 మే నెలలో వెయ్యి బోర్డు అడుగుల కలప ధర 1,600 డాలర్లు దాటి మునుపెన్నడూ లేని ఎత్తుకు చేరింది. పేపర్లో ఆ ధర చదివినవాళ్లు అడవిలో పనిచేసేవాళ్లు బంగారం పండించుకుంటున్నారనుకున్నారు. ఆ ధర పలికింది సామిల్లు గేటు బయట. దుంగ తెచ్చినవాడికి టన్ను రేటు అలా పెరగలేదు. గుజ్జు కలప కొనే నాథుడు లేని చోట, కోతే సాగక, మంచి దుంగలూ పూర్తిగా బయటికి రాలేదు. దేశం కలప కోసం అలమటిస్తున్న ఏడాదిలోనే కలప కోసేవాడు యంత్రాలు అమ్మకానికి పెట్టాడు.

*

2022 సెప్టెంబర్‌లో పిక్సెల్ కంపెనీ జే మిల్లును మూసేస్తున్నట్టు ప్రకటించింది. ఆర్థిక పరిస్థితులూ, 2020 పేలుడు మిగిల్చిన దెబ్బా కలిసి మిల్లు లాభసాటిగా నడవదని తేల్చాయంది. అప్పటికి లోపల మిగిలింది సుమారు 230 మంది. 2023 మార్చిలో చివరి కాగితం యంత్రం ఆగింది. 1965లో మొదలైన మోత యాభై ఎనిమిదో ఏట ఆగిపోయింది. ఊరి పన్ను రాబడికి వెన్నెముకలాంటి ఆస్తి విలువ కుంగింది. ఆ బరువు ఇళ్లున్నవాళ్ల మీద, బడి ఖర్చుల మీద పడింది.

ఆ మూత అందరికీ వార్త. కోతగాళ్లకు మాత్రం మూడేళ్ల నాటి మాట. వాళ్లలో కొందరు లారీని ఇంకా దూరపు మిల్లులకు తోలారు. కొందరు రోడ్ల పనులకు, మట్టి పనులకు యంత్రాలు తిప్పుకున్నారు. పిల్లలకు ఈ పని వద్దని చెప్పినవాళ్లున్నారు. అడవి పని బడిలో రాదు. ఏ వాలులో చెట్టు ఎటు పడుతుందో, ఏ చిత్తడి మీద ఎప్పుడు యంత్రం దింపొచ్చో తండ్రి పక్కన కూర్చుని నేర్చుకోవాలి. ఒక తరం పక్కకు తప్పుకుంటే ఆ విద్య అక్కడితో సరి.

కష్టాలు అంతటితో ఆగలేదు. 2023 డిసెంబర్ 18న కుండపోత వానకు ఆండ్రోస్కాగిన్, కెన్నెబెక్ నదులు పొంగాయి. అడవి బాటలు, వంతెనలు కొట్టుకుపోయాయి. ఆ చలికాలంలో నేల సరిగా గడ్డకట్టలేదు. ఏడాది రాబడిలో పెద్ద వాటా తెచ్చే నెలల్లో యంత్రాలు బురద చూస్తూ ఊరకుండిపోయాయి. వరద వస్తే ఇంటికి సాయముంది, పొలానికి సాయముంది. గడ్డకట్టని నేలకు సాయమేది? కోవిడ్ నాటి పథకం ఆ ఒక్క ఏడాదితోనే ముగిసింది. కలప కోసేవారికి విపత్తు సమయాల్లో నిలకడగా సాయమందే ఏర్పాటు చట్టంలోనే ఉండాలని గోల్డెన్ లాంటివాళ్లు మళ్లీ చట్టసభ ముందుకు వెళ్లవలసి వచ్చింది.

జే కథలో దొంగలు లేరు, దుర్మార్గులు లేరు. పాత్ర పేలింది, కాగితం అడిగేవాళ్లు తగ్గారు, కంపెనీ లెక్క చూసుకుంది, ప్రభుత్వం ఆలస్యంగానైనా చెయ్యి చాచింది. ఎవరి మటుకు వాళ్లు చేయగలిగింది చేశామనుకున్న చోటే అడవి మీద బతికిన ఒక జీవనం కూలిపోయింది. అందుకే ఇది మరింత బాధగా ఉంటుంది. కోపం తెచ్చుకుందామంటే ఎదుట నిలబడ్డవాడు ఎవడూ లేడు.

అయినా నేర్చుకోవలసింది ఒకటుంది. విపత్తు సాయమంటే పోయిన ఏడాది పద్దు తిరగేసి తేడా కట్టివ్వడం కాదు. పనిముట్లు ఇంకా చేతిలో ఉండగానే, అప్పిచ్చినవాడు తలుపు తట్టకముందే, ఆ మనిషి తన పనిలో నిలబడేలా చూడడం. మిల్లు ఆగిన వారంలో అందిన పదివేలు పదిహేను నెలల తరవాత వచ్చిన లక్షకంటే ఎక్కువ కుటుంబాలను కాపాడతాయి. అందుకు ఆ మనిషి ఎవరో రాజ్యానికి ముందే తెలిసి ఉండాలి. భూమి లేకపోయినా, పంట లేకపోయినా, అతని పేరు ఆ దస్తావేజుల్లో ఉండాలి. జే కోతగాళ్లకు ఆ పేరు దక్కేసరికి పని పోయింది. ఇంకో ఊళ్లో ఇంకో మిల్లు ఆగే రోజుకైనా ఆ పేరు అక్కడ రాసి ఉండాలి.